గృహ కొనుగోలు కమిటీ ముందు గ్రాఫిక్స్ కార్డు

...అసలు మనిషికి మూత్రపిండాలు రెండిచ్చి గుండె ఒక్కటే ఇవ్వడం కొనుగోలు నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. (దేవుడు ఆరు రోజుల్లో తేల్చేశాడు. కమిటీ వేసి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.)

శుక్రవారం మధ్యాహ్నం ఉక్కునగరం క్వార్టర్ వరండాలో ఆనందకుమార్ ఇలా ఆలోచిస్తున్నాడు. ఇరవై ఆరేళ్లుగా అతను పంపుహౌస్ ఉద్యోగి. అక్కడ ఏ పంపూ ఒంటరిగా ఉండదు. ఒకటి నడుస్తుంటే ఇంకొకటి స్టాండ్‌బైగా పక్కనే ఉంటుంది. అందుకే అతని ఇంట్లో మిక్సీలు రెండు, ఇస్త్రీపెట్టెలు రెండు. (రెండోదాన్ని వాడరు. వాడితే స్టాండ్‌బై ఎలా అవుతుంది?)

కూతురు మిరియం కంప్యూటర్లో బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు పాడైపోయింది. రుషికొండలో ఒక యానిమేషన్ కంపెనీ ఆమెకు ఉద్యోగ పరీక్ష పెట్టింది. ఈ సాయంత్రం అయిదులోపు నిమిషం నిడివి బొమ్మల చిత్రం పంపాలి. ఉన్న డబ్బుకి శక్తిమంతమైన కార్డు ఒకటి వస్తుంది, చవకవి రెండు వస్తాయి.

పెద్దదే కావాలని మిరియం సోమవారమే చెప్పింది. అయితే లబ్ధిదారు అభిప్రాయం చెల్లదని గృహ కొనుగోలు కమిటీ మూడో నిబంధన. కమిటీకి అధ్యక్షుడు ఆనందకుమార్, సభ్యురాలు ఆయన భార్య ఆరోగ్యమ్మ. మంగళవారం అధ్యక్షులు బీ షిఫ్టులో ఉన్నందున సమావేశం వాయిదా పడింది. బుధవారం జరిగింది.

"ఒక్కటే కొంటే, అది పోతే?" అన్నాడు అధ్యక్షుడు.

"కొత్తది నాన్నా, గ్యారంటీ ఉంది. చిన్నవి రెండు పెట్టినా నా సీను దేంట్లోనూ పట్టదు. ఏటి నాన్నా, ఇదేమైనా పంపా?"

"పంపయితే నాకు భయమెందుకే?"

"పిల్లకి కావాల్సింది కొనీండి," అంది ఆరోగ్యమ్మ. "మిమ్మల్ని సూసినప్పుడు మా అయ్య ఇంత ఆలోసించలేదు."

ఈ వ్యాఖ్యను మినిట్స్‌లో నమోదు చేయలేదు.

గురువారం బయటి నిపుణుడిగా దుకాణదారు సన్యాసిరాజును ఫోన్‌లో సంప్రదించారు. "పెద్దదే తీసుకో బావా. నా దగ్గర ఒక్కటే మిగిలింది," అన్నాడు. అమ్మేవాడి దగ్గరే రెండోది లేని వస్తువుపై కమిటీ అనుమానం వ్యక్తం చేసింది.

ఇక శుక్రవారానికి మిగిలింది ప్రమాదాల పట్టిక. స్టాండ్‌బై లేనివన్నీ వరుసగా రాసి, ఎదురుగా తీసుకోవలసిన చర్య రాయాలి. ఫ్రిజ్ రాశాడు. స్కూటర్ రాశాడు. మూడో వరుసలో, చెయ్యి ఎలా వెళ్లిందో, మిరియం అని రాశాడు. (ఆమె వస్తువు కాదు. పట్టికలో వేరే గడి లేదు.) ఉద్యోగం వస్తే రుషికొండలో హాస్టల్లో ఉంటానంది. ఆ పేరుకి ఎదురుగా ఏ చర్య రాయాలో తోచలేదు. పట్టిక పూర్తి కాకుండా ఫైలు కదలదు. అతను ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చున్నాడు.

అయిదున్నరకి మిరియం వరండాలోకి వచ్చింది.

"ఇంక వద్దులే నాన్నా. టైమయిపోయింది."

"మళ్లీ పెడతారేటి?"

"పెట్టరు. అయిదవగానే లింకు దానంతటదే మూసుకుపోతాది."

"ఎవరి సంతకం లేకుండానా?"

ఆమె లోపలికి వెళ్లింది. ఆనందకుమార్ ఫైలు తెరిచి, శక్తిమంతమైన కార్డు ఒకటి మంజూరు చేస్తున్నట్టు రాసి, సంతకం పెట్టి, కింద గురువారం తేదీ వేశాడు.