జేబులో పట్టే కోటు

శనివారం తెల్లవారకముందే లేచిన డెల్మర్ జీబెల్ ఆ రోజుకి వేసుకున్న పథకంలో ఒకే ఒక్క అంశం ఉంది. మంచె ఎక్కాలి, పొద్దుగూకేదాకా దిగకూడదు. విస్కాన్సిన్ ఉత్తరపు అడవిలో జింకల వేట మొదలయ్యే రోజు అది. బయట సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద ఉంది.

డెల్మర్ స్కూలు బస్సు నడుపుతాడు. వెనక్కి తిరగకుండా ఒక్క దగ్గుతో నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టగల మొనగాడు. చలి మాత్రం అతని దగ్గుకి లొంగేది కాదు. ఏటా తొమ్మిది కొట్టేసరికి పళ్లు టకటకలాడి, మంచె దిగి కాఫీ కోసం క్యాబిన్‌కి పరిగెత్తేవాడు. సరిగ్గా అప్పుడే పెద్దకొమ్ముల జింక ఒకటి ఆ మంచె కిందనించి తీరిగ్గా నడిచిపోయేది. మంచులో దాని అడుగులు చూసివచ్చి బావమరిది వెర్నన్ పదిమందికీ చెప్పేవాడు.

"నీకెందుకు బావా ఆ మంచె? కాఫీ గిన్నెకి కాపలా కాస్తూ ఇక్కడే కూచో. మంచె నాకిచ్చెయ్," అన్నాడు వెర్నన్ కిందటేడు.

బురదనేల అంచున ఆ మంచె కట్టింది డెల్మర్ తండ్రి. ప్రతి మేకూ ఆయన చేత్తో కొట్టిందే. ఆ మాటకి డెల్మర్‌కి ఒళ్లు మండింది. ఆ మంటలో పందెం కాశాడు. మొదటిరోజు ఎవరి మంచె మీద వాళ్లు కూచోవాలి, ఇద్దరిలో ఎవరు ముందు దిగితే వాళ్లు ఓడినట్టు. డెల్మర్ ఓడితే మంచె వెర్నన్‌ది. వెర్నన్ ఓడితే జన్మలో దాని ఊసెత్తకూడదు, పైగా తొమ్మిది రోజుల వేటకాలమంతా వంట అతనిదే.

అందుకే డెల్మర్, భార్య ఆర్లీన్‌ని వెంటబెట్టుకుని కోటు కొనడానికి పట్నం వెళ్లాడు. మొదటి కోటు వెచ్చగానే ఉంది, కానీ చెయ్యి కదిపితే చిప్స్ పొట్లం నలిపినట్టు చప్పుడు. రెండోది సద్దు చెయ్యదు, అయితే మడిస్తే దాన్ని మొయ్యడానికి డెల్మర్ బస్సే కావాలి. వేసుకుని నడుద్దామంటే దారిలోనే చెమటపడుతుంది, ఆ చెమటే తర్వాత మంచులా ఒంటిని పట్టేస్తుంది. మూడోది మెత్తగా, ముళ్లకి చిరగనంత గట్టిగా, నిండా బాతు ఈకలతో ఉంది. మడిచి దాని జేబులోకే దాన్ని కుక్కేస్తే రొట్టెముక్కంత అవుతుంది.

"నువ్వు జింకవి," అని ఆర్లీన్‌ని పది అడుగుల దూరంలో కళ్లు మూయించి నిలబెట్టాడు. తను నేలమీద కూలబడి, లేని తుపాకీ ఎత్తి గురిచూశాడు. "ఏమైనా వినిపించిందా?"

"నీ మోకాలు వినిపించింది," అంది జింక.

కోటు ఖాయమైంది.

శనివారం పొద్దున క్యాబిన్‌లో ఆ కోటుని అందరూ తడిమి చూశారు. డెల్మర్ బాబాయి ఒట్టోకి ఎనభై ఒకటి. వేట మానేసి పొయ్యినీ, ఆచారాల్నీ కనిపెట్టుకుని ఉంటున్నాడు. గురి తప్పినవాడు కాల్చేటప్పుడు ఏది తొడుక్కుంటే దాని తోక, అంటే వెనక అంచు, కత్తిరించి గోడకి మేకు కొట్టడం అక్కడి ఆచారం. గోడమీద పదిహేడు పీలికలుంటే, అందులో తొమ్మిది డెల్మర్‌వే.

"ఈసారి ఈకలు కూడా ఎగురుతాయిరోయ్!" అంటూ ముసలాయన గాల్లో కత్తెర ఆడించాడు. వెర్నన్, జున్ను ఫ్యాక్టరీలో పనిచేసే రసెల్ పొట్ట పట్టుకుని నవ్వారు. డెల్మర్ నవ్వలేదు.

మంచె ఎక్కి కోటు తొడుక్కున్నాడు. ఆహా! యాభై రెండేళ్ల జీవితంలో అడవిలో అతనికి వెచ్చగా ఉండటం అదే మొదలు. ఆ సుఖానికి రెప్పలు వాలిపోయాయి. ఎనిమిదిన్నరకి తన గురకకి తనే ఉలిక్కిపడి లేచేసరికి, ఎదురుగా ఆ పెద్దకొమ్ముల జింక నిలబడి ఉంది. ఈ వింత చప్పుడేమిటో కనుక్కుందామని వచ్చినట్టుంది.

డెల్మర్ తుపాకీ ఎత్తాడు. అంతలో కత్తెర గుర్తొచ్చింది. ఎంత ముచ్చటపడి కొన్నాడు! తప్పితే దీని తోకకూడా ఆ గోడకెక్కాల్సిందేనా?

తుపాకీ దించాడు. తోటి వేటగాళ్లకి దూరంనించే కనిపించాలని చట్టం తొడగమన్న ఆరెంజ్ వెస్ట్‌ని మెల్లగా విప్పాడు. కోటు విప్పి జేబులోకి కుక్కి జిప్పు లాగాడు. చట్టం చట్టమే కాబట్టి వెస్ట్ మళ్లీ తొడుక్కున్నాడు. జింక ఇదంతా ఓపిగ్గా చూసింది. పలచటి చొక్కాలో గడగడ వణుకుతూ డెల్మర్ కాల్చాడు. ఒక చెట్టుకొమ్మ విరిగి పడింది. జింక ఇక చూడాల్సిందేమీ లేదన్నట్టు వెళ్లిపోయింది.

పోనీలే, కోటు దక్కిందనుకుని జిప్పు తీయబోయాడు. రాలేదు. ఆత్రంలో లాగిన జిప్పు లోపలి గుడ్డని కరిచిపట్టుకుంది. చేతులు కొంకర్లు పోతున్నాయి. దిగితే మంచె పోతుంది, దిగకపోతే మనిషి పోయేట్టున్నాడు. డెల్మర్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఆ పొట్లాన్ని గుండెకి హత్తుకుని బతిమాలడం మొదలుపెట్టాడు.

సరిగ్గా ఆ సమయానికి, పేలుడు విని జింక పడిందో లేదో చూద్దామని వెర్నన్ వచ్చాడు. వచ్చి నిలువునా కొయ్యబారిపోయాడు. చలి తలకెక్కి చావుకి దగ్గరైనవాడు ఒంటిమీది బట్టలు తనే విప్పేస్తాడని అడవిలో తిరిగే ప్రతివాడికీ తెలుసు. వెర్నన్ అయితే ఆ పాఠం వేటగాళ్ల భద్రతా క్లాసుకి రెండుసార్లు వెళ్లి మరీ విన్నాడు.

"రావే తల్లీ, ఒక్కసారి బయటికి రావే!" అంటున్నాడు డెల్మర్ పొట్లంతో.

"బావా!" వెర్నన్ కిందనించి కేకేశాడు. "నీ కోటేది?"

"జేబులో ఉంది!"

"ఏ జేబులో?"

"దాని జేబులోనే!"

వెర్నన్ ఈల తీసి మూడుసార్లు ఊదాడు. ప్రాణాపాయం అని దానర్థం. రసెల్ అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు.

"నాకేం కాలేదురా! చలే లేదు!" అని అరిచాడు డెల్మర్ మంచె గుంజని వాటేసుకుని.

"చివర్లో అందరూ ఇదే మాటంటారు," అన్నాడు వెర్నన్ కళ్లనీళ్లతో.

"నన్ను దింపకండిరా, మీకు పుణ్యముంటుంది!"

"మంచె వదలడట. మనిషి మనలో లేడు రసెల్, నువ్వు కాళ్లు పట్టు."

ఇద్దరూ మంచె ఎక్కి, తమ కోట్లు విప్పి అతనికి చుట్టారు. తాళ్లతో బస్తాలా దించి, జింకని మంచుమీద లాగడానికి తెచ్చిన స్లెడ్డు బండి మీద పడుకోబెట్టి క్యాబిన్‌దాకా లాక్కెళ్లారు. తలుపు తీసిన ఒట్టోకి ఉత్త చొక్కాలతో ఆయాసపడుతున్న ఇద్దరు కనిపించారు. "మీరూనా!" అని ముసలాయన ఇద్దర్నీ మెడపట్టి పొయ్యి ముందు కూలేశాడు. ముగ్గురి నోళ్లలోనూ బ్రాందీ పోశాడు. ఆ తర్వాత పరీక్ష మొదలుపెట్టాడు.

"నీ పేరేంట్రా?"

"డెల్మర్."

"ఇవాళ ఏ వారం?"

"శనివారం."

"మరి కోటెక్కడ?"

"జేబులో, బాబాయ్."

"ప్చ్. అయిపోయింది వీడి పని," అన్నాడు ఒట్టో.

డెల్మర్ పొట్లం బాబాయి చేతిలో పెట్టాడు. ముసలాయన జిప్పుకి కొవ్వొత్తి రుద్ది ఒక్క గుంజు గుంజాడు. కోటు బుస్సున పొంగి బయటికొచ్చింది.

"తోక కత్తిరిస్తారని విప్పేసి కాల్చాను," అని డెల్మర్ నిజం ఒప్పుకున్నాడు.

వెర్నన్ అందరికంటే ముందు తేరుకున్నాడు. "అంటే నీకేం కాలేదన్నమాట! టైమింకా పది కాలేదు. కిందికొచ్చేశావు. మంచె నాది బావా!"

డెల్మర్ మొహం పాలిపోయింది. తండ్రి కొట్టిన మేకులు ఒక్కొక్కటీ కళ్లముందు కదిలాయి.

ఒట్టో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు మంచె ఎప్పుడు దిగావురా వెర్నన్?"

"తుపాకీ మోగగానే."

"వీడికేదో అయిందని దిగావా?"

"అప్పటికి నాకేం తెలుసు? జింకని చూద్దామని."

"నువ్వు వెళ్లేసరికి వీడెక్కడున్నాడు?"

వెర్నన్ నసిగాడు. "మంచె... మీద."

"ఎవరు ముందు దిగితే వాళ్లనేగా పందెం?" అన్నాడు ఒట్టో. పొయ్యిపక్కన మేకుకి వేలాడుతున్న వంట ఏప్రన్ తీసి వెర్నన్ మెడలో వేశాడు.

డెల్మర్‌కి కళ్లు చెమర్చాయి. ఆచారం ప్రకారం చొక్కా తోక ఇవ్వడానికి తనే లేచి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఒట్టో కత్తిరిస్తుంటే పెళ్లికొడుకులా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత కొత్త కోటు తొడుక్కుని మళ్లీ మంచె ఎక్కి, చీకటిపడేదాకా హాయిగా నిద్రపోయాడు.

ఆ రాత్రి వెర్నన్ వండిన బీన్స్ రెండు చెంచాలు తిన్నాక, పందెం నిజంగా గెలిచింది ఎవరా అని డెల్మర్‌కి అనుమానం వచ్చింది.