వీరరాఘవయ్య జలదీక్ష

ఆ శనివారం ఉదయం వీరరాఘవయ్య సంకల్పించిన కార్యం చాలా చిన్నది. కంభం చెరువులో ఒడ్డు నుంచి నడిమి బండ దాకా ఒక పలక మీద నిలబడి వెళ్లాలి, నిలబడే తిరిగి రావాలి. దానిని ప్రకాశరావు కళ్లారా చూడాలి. అంతే.

దీని వెనుక యాభై ఎనిమిదేళ్ల చరిత్ర ఉంది. ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. కంభం బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న ఆ మిత్రులిద్దరూ ఒకనాడు తాటిమొద్దుల తెప్ప ఎక్కి, సీతాఫలాల కోసం అవతలి కొండకు బయలుదేరారు. "నిలబడి నడిపిస్తా చూడు" అని రాఘవయ్య లేచాడు, లేచినంత వేగంగానే మునిగాడు. ప్రకాశరావు పిలక పట్టుకొని పైకి లాగాడు. ఆనాటి నుంచి ఏ పెళ్లిపందిట్లోనైనా, పాయసం వచ్చేలోపు ఆ పిలక కథ రావలసిందే. మరునాడు చర్చిలో ప్రకాశరావు మనవరాలు కృపారాణి పెళ్లి. ఆ కథను అంతకు ముందే సమాప్తం చేయాలని డెబ్బై రెండేళ్ల మార్కాపురం బట్టల వర్తకుడు వీరరాఘవయ్య పట్టుదల.

సాధనం ఆయన సొంత మనవరాలు సింధూజ తెచ్చింది. విశాఖలో ఉద్యోగం చేసే ఆ పిల్ల, తెరచాప పోయిన పాత విండ్‌సర్ఫింగ్ పలకనొకదానిని కారు మీద కట్టుకొని వచ్చింది.

"తెరచాప లేకున్నా పర్లేదు తాతా. వెడల్పు, మందం ఉండాది కాబట్టి కొత్తోళ్లకు ఇదే మేలు. ముందు మోకాళ్ల మీద ఉండు, తర్వాత నడిమధ్యన లెయ్యి. కాళ్ల కింద చూడొద్దు, దూరంగా కొండను చూడు. పైన గరుకు పూత ఉండాది, కాలు జారదు."

ఆమె కారులోని తెడ్డు కోసం వెళ్లిన కాసేపట్లో కనకమ్మ తన ధర్మం తాను నిర్వర్తించింది. కొత్త బండికి పసుపు పెట్టకుండా భర్తను ఎక్కించే ఇల్లాలు కాదామె. నీళ్లలో తిరిగేదానికి నీళ్లలో కలిపిన పసుపు నిలవదని, నువ్వులనూనెలో కలిపి పలక ఆసాంతం దట్టంగా పట్టించింది. తెరచాప కొయ్య దిగవలసిన రంధ్రం చూసి, అగరవత్తుల కోసమే పెట్టారనుకొని గుప్పెడు గుచ్చి వెలిగించింది.

తిరిగి వచ్చిన సింధూజ ఆ పసుపు చూసి నోరు తెరిచేలోపే వీరరాఘవయ్య తెడ్డు అందుకొని, కాషాయరంగు లైఫ్ జాకెట్టుతో నీళ్లలోకి సాగిపోయాడు.

మోకాళ్ల మీద ఉన్నంతసేపు అంతా శాస్త్రోక్తంగానే జరిగింది. లేవబోయాడు. కుడికాలు గిద్దలూరు వైపు, ఎడమకాలు మార్కాపురం వైపు బయలుదేరాయి. ఆయన చతికిలబడ్డాడు, తెడ్డు చేయిదాటిపోయింది. గాలి పలకను నడిచెరువుకు చేర్చింది. ఇక రెండు చేతులూ పైకెత్తి, "నారాయణా! నారాయణా!" అన్నాడు.

కట్ట మీద పోయేవాళ్లకు కనబడింది వేరు. కాషాయం, ధూపం, ఎత్తిన చేతులు, కదలని ఆసనం!

"ఎవురబ్బా ఆ సామి?"

"మార్కాపురం శెట్టిగారంట. తర్లుపాడు మెట్టకు నీళ్లిచ్చేదాకా లెయ్యడంట."

"లెయ్యడు కాదన్నా, లెయ్యలేడు!" అని సింధూజ మొత్తుకుంది.

"పాపం, అంత నీరసమొచ్చిందా! ఎన్ని దినాలైంది తల్లీ తిండి మానేసి?"

గంటలో కట్టంతా జనం. ఒక నాయకుడు పూలదండతో, సీసాడు నిమ్మరసంతో దిగి, "దీక్ష విరమించాల" అని ఒడ్డు నుంచే విజ్ఞప్తి చేశాడు. పెళ్లిపనుల్లో ఆలస్యమై అప్పుడే వచ్చిన ప్రకాశరావు సంగతి సింధూజ వల్ల విని, ఆ సీసాతోనే జాలరి వీరాంజనేయులు నడిపే గుండ్రటి తట్టపడవ, పుట్టి ఎక్కాడు.

"ఏం రాఘవా! మళ్లా పడినావా?"

"పడలేదు. కూర్చున్నా."

"పిలక ఇటు ఇయ్యి, లాగుతా."

"రేపు పెళ్లిలో ఇది గూడా చెప్తావా?"

"చెప్పకుండా ఉంటానా? అయినా నిలబడేదానికి ఇంత కతేంది? జరుగు, నేను చూపిస్తా."

ప్రకాశరావు ఠీవిగా పలక మీద పాదం మోపాడు. నువ్వులనూనె మతభేదం పాటించలేదు. మరుక్షణం చెరువులో ఒక బట్టతల మాత్రం తళతళలాడింది. వీరరాఘవయ్య ఒక చేత్తో పుట్టి అంచు పట్టుకొని, రెండవ చేత్తో జుట్టు కోసం వెదికాడు. అది దొరికే అవకాశం లేక చెవి పట్టుకొని లాగాడు. వీరాంజనేయులు ఇద్దరినీ పుట్టిలోకి చేర్చాడు. కట్ట మీద చప్పట్లు మోగాయి.

కాసేపు ఇద్దరూ నీళ్లు కారుతూ నవ్వుకున్నారు.

"ఒరే ప్రకాశం, ఆనాడు చెయ్యి పట్టుకోవచ్చు గదా. పిలకే ఎందుకు పట్టినావు?"

ప్రకాశరావు అవతలి కొండ వైపు చూశాడు. "తడిచెయ్యి జారతాదని భయపడినా రా. పిలకైతే ముడి ఉండాది. నువ్వు పోతే ఆ బల్ల మీద నా పక్కన ఎవురు కూచుంటారు?"

వీరరాఘవయ్య సీసా మూత తీసి, నిమ్మరసం ముందు అతనికే తాగించాడు. దీక్ష అట్లా ముగిసింది.

మరునాడు పెళ్లిపందిట్లో, పాయసం రాకముందే, చుట్టాలు పిలక కథ అడిగారు. ప్రకాశరావు గొంతు బాగాలేదన్నాడు. మైకు వీరరాఘవయ్య అందుకున్నాడు. కథ సాగినంతసేపూ ప్రకాశరావు వాచిన చెవికి ఒక చేయి అడ్డం పెట్టుకొని, ఎంతో శ్రద్ధగా భోజనం చేశాడు.