క్రమబద్ధమైన సంత

ఈ కొస నుంచి ఆ కొసకి నెల రోజులు నడవాల్సినంత పెద్ద అడవి ఒకటుండేది. అక్కడ సంతల శాఖకి అధికారి నక్క. మన సంతకి పేరు రావడం లేదనీ, పేరున్న సంత ఎలా ఉంటుందో చూసి రమ్మనీ అడవి మండలి నక్కని, దాని కింద పనిచేసే ఎలుగుబంటిని ఎడారి దేశానికి పంపింది.

ఎడారి సంతకి పైకప్పే లేదు. నేలమీద పట్టాలు పరిచి, ఖర్జూరాలు గుట్టలు పోసి, గొంతు చించుకుని అరుస్తున్నారు. ఒంటె అవ్వ ఒకతె ఎలుగుబంటి నోట్లో ఓ పండు పెట్టింది.

"ధర సంగతి తర్వాత. ముందు తిని చూడు నాయనా!"

ఎలుగుబంటి బేరమాడింది. అవ్వ తిట్టింది. ఎలుగుబంటి అలిగి నాలుగడుగులు వేసింది. అవ్వ వెనక్కి పిలిచి దోసెడు కొసరు వేసింది. ఎలుగుబంటికి సంతోషంతో కళ్లు చెమర్చాయి.

నక్క మాత్రం టేపుతో గుట్టల ఎత్తు కొలుచుకుంది. నిమిషానికి ఎన్ని అరుపులో రాసుకుంది.

తిరిగొచ్చాక పాత సంత తీసేశారు. అక్కడే కంచె వేసి 'సంప్రదాయ ఆరుబయలు సంత' కట్టారు. దుంపలమ్మే ముళ్లపందిని పిలిచి నక్క నిబంధనలు చదివింది.

"నిమిషానికి రెండు అరుపులు. బేరం మూడుసార్లే. మూడోసారి కొనేవాడు అలగాలి, నువ్వు వెనక్కి పిలవాలి. పిలిచినట్టు ఫారం నింపాలి."

"అలగకపోతేనో, అయ్యా?"

"దానికి వేరే ఫారం ఉంది."

"నాకు రాయడం రాదు బాబూ. పిల్లలున్నదాన్ని."

"అయితే లైసెన్సు లేదు. వెళ్లు."

ముళ్లపంది గంప ఎత్తుకుని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ప్రారంభోత్సవానికి ఒంటె అవ్వని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆవిడ వచ్చేసరికి అందరూ తలలు వంచుకుని ఫారాలు నింపుతున్నారు. ఒక కుందేలు గడియారం చూసుకుని ఆకాశంలోకి రెండుసార్లు అరిచి కూర్చుంది.

"ఎవరైనా పోయారా నాయనా?" అని అవ్వ మెల్లగా అడిగింది.

అంతలో కంచె అవతలి నుంచి కేకలు, నవ్వులు వినిపించాయి. లైసెన్సు రానివాళ్లంతా ఎండిన వాగులో దుకాణాలు పరిచారు. అవ్వ కంచె మీదుగా మెడ చాచింది.

"అమ్మాయ్, ఆ దుంపలెంత?"

"అంత ఎత్తు నుంచి బేరం కుదరదు పెద్దమ్మా, దిగి రా!" అంది ముళ్లపంది.

అవ్వ కంచె దాటింది. ఎలుగుబంటి తన శాఖ బిళ్ల తీసి నక్క చేతిలో పెట్టి వెనకే పరిగెత్తింది. కాసేపటికి కుందేలు, దాని వెనకే మిగతావాళ్లూ ఫారాలు పడేసి దూకారు. లోపల నక్క ఒక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే వాగు ఒడ్డున పెద్ద బోర్డు వెలిసింది: 'ఈ సంత మా శాఖ కృషి ఫలితం.' మండలి పెద్దలు వచ్చి, జనాన్ని చూసి మురిసిపోయి, నక్క మెడలో దండ వేశారు.

నీతి: మంచి పనిని చేతనైనంత గట్టిగా అడ్డుకోవాలి, అయినా అది ఆగకపోతే, ఆ ఘనత మనదే.