మెరాక్లీలకు ఆహ్వానం

ఆ ఆదివారం పొద్దున్న ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి పొయ్యెక్కించాలని నెజాహత్ అనుకుంది. ఆకులు ఉడకబెట్టి ఆరబెట్టింది కూడా. అంతలో పక్కింటి సబ్రియె తలుపు తోసుకొని వచ్చింది.

"అక్కా, చూశావా? హుల్కీ టీకొట్టు అద్దానికి కాగితం అంటించారు. 'ఈరోజు పదింటికి మెరాక్లీలందరూ తప్పక రావాలి' అని!"

టర్కీలోని ఆ ఎస్కిషెహిర్ ఊళ్లో మెరాక్లీ అంటే ఊళ్లోవాళ్ల సంగతులన్నీ ఆరా తీసే మనిషి. దేనిమీదైనా పిచ్చి మోజు ఉన్న మనిషి కూడా మెరాక్లీయే. నెజాహత్‌ను మాత్రం వీధి వీధంతా ముప్పై ఏళ్లుగా మొదటి అర్థంలోనే పిలుస్తోంది. రెండోది ఆవిడకు ఆ క్షణాన తట్టలేదు.

"అందరూ అంటే ఎవరే? ఈ వీధిలో ఆ పేరు నాకు తప్ప ఇంకెవరికుంది? నలుగురిలో నిలబెట్టి నవ్వుదామనుకుంటున్నారా? వాళ్ల సంగతి చూస్తానుండు!"

మగవాళ్లు తప్ప ఎవరూ కాలుపెట్టని ఆ కొట్టులోకి తడిచేతులతోనే దూసుకెళ్లింది. లోపల ఇరవైమంది కొత్త ముఖాలు. బల్లమీద గుడ్డలు కప్పిన ఎనిమిది పంజరాలు.

"వచ్చాను! పిలిచిందెవరు?"

తెల్లమీసాల షెరెఫ్ గబుక్కున లేచాడు. అతను కెనరీ పిట్టల సంఘం అధ్యక్షుడు; ఆ కాగితం అంటించింది పిట్టల మోజున్న తనవాళ్ల కోసమే. పాటల పోటీకి తీర్పు చెప్పడానికి అంకారా నుంచి ఎవరో ఆవిడ వస్తుందని మాత్రమే అతనికి తెలుసు.

"రండమ్మా, రండి! గంట నుంచీ మీ గురించే మెరాక్ పడుతున్నాం."

ఇంకా రాలేదేమా అని బెంగపడ్డామని అతని ఉద్దేశం. బెంగకూ అక్కడ అదే మాట. తన గుట్టు కూపీ లాగుతున్నారని నెజాహత్ అనుకుంది.

"నా గురించా? సిగ్గులేదుటయ్యా, ఇంత వయసొచ్చి!"

తీర్పరులు కోపిష్టులని షెరెఫ్ వినే ఉన్నాడు. మరింత వంగి, ముందు కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, కాగితం పెన్సిలూ చేతికిచ్చాడు.

"విన్నది విన్నట్టు రాయండమ్మా. ఒక్కటీ వదలొద్దు."

నెజాహత్ కోపం సగం చల్లారింది. ఆ పని చెయ్యమని ఆవిడను ఇంత మర్యాదగా ఎవరూ ఎన్నడూ అడగలేదు. గుడ్డల కింద పిట్టలు ఒక్కొక్కటే మూడేసిసార్లు పాడుతుంటే, రెండు పేజీలు నింపింది.

పదకొండున్నరకు రైలు దిగి అసలు తీర్పరి వచ్చింది. "మరి ఈవిడెవరు?" అంది. టీలు పట్టుకొచ్చిన హుల్కీ, "మా వీధి నెజాహత్ అక్క! మా మెరాక్లీ!" అన్నాడు. కొట్టంతా గొల్లుమంది. పోటీకి పిట్టను తెచ్చి, గెలుపు కప్పు తనదేనన్న ధీమాతో ఉన్న బహ్రీ అందరికన్నా గట్టిగా నవ్వాడు. నెజాహత్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కుర్చీ దిగలేదు.

వచ్చినావిడ నవ్వలేదు. కాగితం తీసుకొని పైకి చదివింది.

"'ఆరో పంజరం. పాట మధ్యలో ఒక మగాడు దగ్గాడు. గదిలో ఎవరూ దగ్గలేదు. మూడుసార్లూ అదే చోట, అదే దగ్గు.' ఎవరిదీ ఆరో పంజరం?"

"నాదే," అన్నాడు బహ్రీ. వెంటనే దగ్గాడు.

"అదిగో, అదే దగ్గు!" అంది నెజాహత్.

షెరెఫ్ గుడ్డ లాగేశాడు. పిట్ట హాయిగా కునుకు తీస్తోంది. దాని తోక కింద ఫోను, అందులో దగ్గుతో సహా రికార్డు చేసిన పాట.

"ఇరవై ఏళ్లుగా తీర్పులు చెబుతున్నాను. ఇలాంటి చెవులు నాకు లేవు," అంటూ అంకారా ఆవిడ నెజాహత్‌కు తన పక్కనే కుర్చీ వేయించింది. సాయంత్రానికి సంఘం బిళ్ల నెజాహత్ కోటుకెక్కింది. దానిమీద గుండ్రటి అక్షరాలతో 'మెరాక్లీ' అని ఉంది. ఆవిడ వీధి మధ్యనుంచి, కావాలనే నెమ్మదిగా, ఇంటికి నడిచింది.

మర్నాటి నుంచి ఆ వీధిలో ఎవరూ గుసగుసలాడలేదు. ఇక దండగని అందరికీ తెలిసిపోయింది.