దర్జీగారి మూడు సెల్లుల టార్చి

"ఎన్నటికైనా జనం బల్బు టార్చినే వెతుక్కుంటూ వస్తారు. రాసిపెట్టుకో!"

"వస్తే మాత్రం ఏమిస్తాం నాన్నా? మా షాపులో అది అమ్మి మూడేళ్ళయింది. ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలే."

"మీ షాపులో లేకపోతే లోకంలోనే లేనట్టా? నా పెట్టెలో డజను బల్బులున్నాయి. నా జన్మకి చాలు."

టిఫినుకు ముందు మొదలైన వాదన పళ్ళేలు కడిగేదాకా సాగింది. దర్జీగారి భార్య అటూ ఇటూ చూసి, కడిగిన పళ్ళేలు బోర్లించింది. కొడుకు కరెంటు సామాన్ల షాపులో పనిచేస్తాడు. తండ్రికేమో పని నేర్పిన గురువు ఇచ్చిన మూడు సెల్లుల టార్చి ప్రాణం. ఒకసారి ఆయన కత్తెరతో ఆవిడ అట్టముక్క కత్తిరించినందుకు మూడు రోజులు మాట్లాడలేదు మరి.

ఆ రోజు పని మామూలే. ఒక హోటలు వెయిటర్లకు ఎనిమిది కోట్లు, ముదురు నీలం గుడ్డకు నల్ల కాలరు. కాలర్లూ గుండీలూ కుట్టి సాయంత్రం అయిదుకల్లా ఇచ్చెయ్యాలి. ఒక్క దారం రంగు తప్పినా ఎనిమిదీ వెనక్కొస్తాయి, వచ్చే ఏడాది పని వేరే దర్జీకి పోతుంది.

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ దారాల గది ఊడ్చబోయింది. కిటికీ లేని గది కాబట్టి ఆయన టార్చే పట్టుకెళ్ళింది. అది చెయ్యి జారి రీళ్ళ పళ్ళెం మీద పడింది. బల్బు పోయింది. పళ్ళెం బోర్లాపడి, కోడలు రోజూ ఎడమవైపు నలుపు, కుడివైపు నీలం అని సర్దిపెట్టే రీళ్ళన్నీ కలగాపులగమయ్యాయి.

"కొంప మునిగింది! బల్బుల పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది" అంది, కొడుకూ కోడలూ పరుగెత్తుకొచ్చేసరికి.

"అమ్మా, దీంట్లో పట్టే ఎల్‌ఈడీ బల్బు నా సంచిలో ఉంది. బిగించేస్తా" అన్నాడు కొడుకు.

"ఆ తెల్లటి వెలుగు చూస్తే ఆయన పోల్చుకోరట్రా?"

కోడలు పసుపు లైనింగు ముక్క ఒకటి తెచ్చి టార్చి అద్దం వెనక దోపింది. "ఇప్పుడు చూడండత్తయ్యా, అచ్చం కామెర్లొచ్చిన బల్బే!"

నవ్వుకునే వ్యవధి కూడా లేదు. దర్జీగారు తల తుడుచుకుంటూ వచ్చి, టార్చి తీసుకుని, నేరుగా దారాల గదిలో దూరారు. రీళ్ళింకా సర్దలేదు! చాలాసేపటికి ఆయన నల్ల రీలొకటి, నీలం రీలొకటి పట్టుకుని, ఠీవిగా బయటికొచ్చారు.

"చూశారా బల్బు మహిమ!"

చూశామన్నారు ముగ్గురూ, ఒక్క గొంతుతో. అక్కడితో ఆగితే బాగుండేది. షాపుకు వెళ్ళిన కొడుకు మరిచిపోయిన భోజనం డబ్బా కోసం వెనక్కొస్తే, వాడితోపాటు షాపు ఓనరు కూడా స్కూటరు దిగాడు. దర్జీగారు ఆయన్ని రెక్క పట్టుకుని దారాల గదిలోకి లాక్కుపోయారు.

"మీ జేబులోని ఎల్‌ఈడీ టార్చి తీసి ఆ చేత్తో పట్టుకోండి. ఇదిగో నా బల్బు. ఏది బాగుందో మీరే చెప్పండి!"

"మీదే బావుందండీ" అని ఓనరు ఆశ్చర్యపోతూ అద్దం తాకాడు. "బల్బు టార్చి వేడెక్కాలే! ఇంత చల్లగా ఉందేమిటి?"

"పెద్దల చేతి వస్తువు చల్లగానే ఉంటుంది" అన్నారు దర్జీగారు.

"ఒకసారి విప్పి చూస్తానుండండి."

కొడుక్కి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆవిడకేం తోచక, మెడలోని టేపు తీసి ఓనరు ఛాతీకి చుట్టేసింది. "ముందు చేతులెత్తండి అన్నయ్యగారూ! మీ కోటు కొలతలు తీసుకోవాలి."

"నా కోటా?"

"నలభై రెండు! రాసుకో అమ్మాయ్!"

పాపం మర్యాదస్తుడు. కాదనలేక, గుడ్డ కూడా ఎంచుకుని వెళ్ళాడు.

అయిదింటికి ఎనిమిది కోట్లూ హోటలుకు చేరాయి. ఒక్కదానికీ వంక పెట్టలేదు. నలుగురూ భోజనానికి కూర్చోబోతుండగా ఆవిడ టార్చి సంగతి చెప్పేద్దామనుకుని, మూత విప్పి చూసింది. లోపలి పసుపు గుడ్డ ఇప్పుడు చక్కగా గుండ్రంగా ఉంది. అంచు కూడా మడిచి కుట్టి ఉంది.

"పొద్దున మీరు దోపింది వంకరగా ఉంది. అలాంటి పని నా ఇంట్లోంచి బయటికి పోకూడదు" అన్నారు దర్జీగారు. కోపం లేదు ఆ గొంతులో. "లోపలికెళ్ళి ఆ గుడ్డ తీసి చూశా. రీళ్ళన్నీ కలిసిపోయి ఉన్నాయి. అయినా ఆ తెల్లటి వెలుగులో నలుపేదో నీలమేదో తెలిసింది. రెండేళ్ళయింది నాకలా తెలిసి. ఇన్నాళ్ళూ ఎడమ, కుడి చూసుకుని తీస్తున్నా, రంగు చూసి కాదు. అలా సర్దిపెట్టి నా పరువు కాపాడిన చెయ్యి నీదేగా తల్లీ?"

కోడలు తల దించుకుంది. "ఏది ఏ రంగో మీరు అడగాల్సిన పని రాకూడదనే సర్దానండీ మావయ్యా."

ఆవిడకు కళ్ళు చెమర్చాయి. టార్చి బల్బు పోయినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సి వస్తుందని పొద్దున ఎవరనుకున్నారు!

"రేపు పొద్దున కంటి డాక్టరు దగ్గరికెళ్తున్నా. నలుగురం వెళ్దాం" అన్నారాయన, మంచినీళ్ళు అడిగినంత నెమ్మదిగా.

"అయితే నాన్నా, పొద్దున మీరు రాసిపెట్టుకోమన్నది కొట్టెయ్యనా?" అన్నాడు కొడుకు.

ఆయన మొలతాడుకున్న బల్బుల పెట్టె తాళంచెవి ఒకసారి తడిమి చూసుకున్నారు.