తొలి మాత్ర

"ఈ ఊళ్లో టీబీ అన్న మాటే వినపడకూడదు. తొలి మాత్ర నా చేత్తో ఇచ్చేదాకా నేను నిద్రపోను!" అని మంత్రిగారు ప్రకటించారు. అన్న మాట మీద నిలబడ్డారు కూడా. ఆయన ఇచ్చేదాకా ఇంకెవరూ ఇవ్వకూడదని ఆస్పత్రికి ఆర్డరు వచ్చింది.

మందుల పెట్టె వచ్చి ఆస్పత్రి ఆఫీసరుగారి బీరువాలో కూర్చుంది. మా పక్క షాపు టైలరుకి కఫం పరీక్షలో జబ్బు తేలింది. ఆఫీసరుగారి దగ్గరికి తోడుగా నేనూ వెళ్లాను.

"మందు వచ్చిందన్నారు కదండీ?" అన్నాడు టైలరు.

"వచ్చింది. తొలి రోగివి నువ్వేనయ్యా! జనం నిన్ను చూసి కుళ్లుకోవాలి," అన్నారు ఆఫీసరుగారు.

"అయితే ఇప్పించండి."

"ఇప్పుడే ఇచ్చేస్తే మంత్రిగారొచ్చి ఏమిస్తారు, నా మొహమా?"

న్యాయమైన ప్రశ్న. తిరిగొచ్చేశాం.

మాత్ర ఇచ్చే సభ మొదటిసారి వాయిదా పడింది. మంత్రిగారికి జలుబు చేసింది. అశ్రద్ధ చేస్తే ప్రమాదమని పెద్ద డాక్టర్లు ఆ పూటే మందులు మొదలుపెట్టారు. రెండోసారి షామియానా రంగు ఆయనకి నచ్చలేదు. ఈలోగా టైలరు దగ్గుతూ కుట్టాడు, కుడుతూ దగ్గాడు. కొలతలిచ్చేవాళ్లు మొదట ఊపిరి బిగబట్టుకునేవారు, తర్వాత రావడమే మానేశారు. పక్కన కూర్చుని గుండీలు కుట్టే కూతురికీ దగ్గు పట్టుకుంది.

ఉండబట్టలేక ఆఫీసరుగారి దగ్గరికి పరిగెత్తాను. "పిల్లకి కూడా అంటుకుందండీ!"

ఆయన మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య! స్టేజీ మీద ఒక్కడే అయితే బోసిగా ఉంటుందని బెంగపెట్టుకున్నా."

ఎట్టకేలకు మంత్రిగారు విచ్చేశారు. టైలరుని ఎగాదిగా చూశారు. వాడి చొక్కా వాడికే రెండింతలుంది.

"ఇతనేంటయ్యా ఇలా ఉన్నాడు? ఫొటోలో మన ప్రభుత్వం పరువేం కాను? కాస్త కోలుకున్నాక రమ్మనండి."

"మందు లేకుండా ఎలా కోలుకుంటానండీ?" అన్నాడు టైలరు. మైకు టెస్టింగులో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

ఆఫీసరుగారి చూపు నా బొజ్జ మీద పడింది.

"నాకే జబ్బూ లేదండీ," అన్నాను.

"అదేగా మాక్కావలసింది!"

నన్ను స్టేజీ ఎక్కించారు. మంత్రిగారు మాస్కు పెట్టుకుని, చెయ్యి బారుగా చాచి, మాత్రని నా అరచేతిలో జారవిడిచారు. నేను దాన్ని గుప్పిట్లో దాచుకుని మింగినట్టు నటించాను. చప్పట్లు మోగాయి. "చూశారా, అప్పుడే మొహంలో కళ వచ్చేసింది!" అన్నారాయన.

సభ అయ్యాక మందుల పెట్టె ఆయన కారెక్కింది. పక్క ఊళ్లో కూడా తొలి మాత్ర ఇవ్వాలట, ఉన్నది ఒకటే పెట్టె.

సిగ్గుతో చచ్చిపోతూ షాపుకెళ్లి, గుప్పిట్లో ఉన్న మాత్రని టైలరు చేతిలో పెట్టాను. వాడు దాన్ని మిషను బల్ల మీద పెట్టి, కత్తెరతో రెండు ముక్కలు చేశాడు.

"పెద్ద ముక్క నువ్వేసుకో అమ్మా," అన్నాడు కూతురితో.