పోటీ విధానాల ఏకైక ఆచార్యుడు

పోటీ లేనిదే ప్రగతి లేదని జీవితమంతా నిరూపిస్తూ వచ్చిన ఆచార్యులవారికి తమ విశ్వవిద్యాలయంలో పోటీ అన్నదే లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. గుత్తాధిపత్యాన్ని ఎలా పసిగట్టాలి, ఎలా బద్దలుకొట్టాలి అనే విషయం మీద ఆ ప్రాంగణంలో నోరు విప్పే హక్కు ఆయన ఒక్కరిదే. పాఠం ఆయనది, పుస్తకం ఆయనది, ప్రశ్నపత్రం ఆయనది, దిద్దేదీ ఆయనే. పుస్తకం బాగాలేదన్న విద్యార్థి ఇంతవరకు పుట్టలేదు. దాన్ని ఆయన నాణ్యతకు రుజువుగా భావించేవారు. ఆ మాటే ఏదైనా కంపెనీ అంటే మాత్రం చీల్చి చెండాడేవారు.

ఇంత ప్రశాంతంగా ఉన్న శాఖకు రెండో అధ్యాపక పదవి మంజూరైంది. దరఖాస్తు పెట్టినవారిలో ఆయన దగ్గరే పరిశోధన చేసిన అమ్మాయి ఉంది. ఆమె వ్యాసాలను జనం నిజంగానే చదువుతున్నారని అప్పటికే పుకారు. ఎంపిక సంఘానికి ఒక నిపుణుడు కావలసి వచ్చాడు. ఎంత వెతికినా దొరికింది ఆయనే. తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ అవసరమా అని తేల్చే భారం, పాపం, ఆయన నెత్తినే పడింది.

ముందురోజు భోజనాల దగ్గర భార్య కదిపింది.

"ఏమండీ, రేపు ఇంటర్వ్యూకి వచ్చేది మీ పుస్తకంలో తప్పులన్నీ దిద్దిపెట్టిన అమ్మాయే కదా?"

"అవును. మహా తెలివైన పిల్ల. అదే వచ్చిన చిక్కు."

"చిక్కేముంది? కొత్తవాళ్లని రానివ్వాలని ఊరూరా తిరిగి చెప్పేది మీరేగా!"

"అది సిమెంటు కంపెనీల సంగతే."

ఆవిడ మంచినీళ్ల గ్లాసు ఆయన ముందు పెట్టి లోపలికెళ్లిపోయింది. ఆయనకు సిగ్గేసిన మాట నిజం. ఆ పిల్ల వస్తే తన క్లాసులో ఎవరు మిగులుతారన్న భయం అంతకంటే నిజం.

ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి అడిగినవాటికీ, అడగడం చేతకానివాటికీ కూడా జవాబు చెప్పి వెళ్లింది. తలుపు పడగానే ఆచార్యులవారు లేచారు.

"అధ్యక్షా! అభ్యర్థి ప్రతిభను నేను శంకించడం లేదు. కానీ మన మార్కెట్ చిన్నది. ఇద్దరికి సరిపడా విద్యార్థులు లేరు. అనవసరమైన పోటీ వల్ల ప్రమాణాలు పడిపోతాయి. నేనిదంతా విద్యార్థుల మేలు కోరి చెబుతున్నాను తప్ప నాకేమీ స్వార్థం లేదు!"

మాట్లాడుతూండగానే ఆయనకు అనుమానం వచ్చింది. ఈ వాక్యాలు ఎక్కడో చదివినట్టుంది. చదవడమేమిటి, తనే రాశారు. 'గుత్త సంస్థలు చెప్పే సాకులు' అనే అధ్యాయంలో ఇవి ఇదే వరసలో ఉన్నాయి. కాకపోతే చివరి సాకును తాను అక్కడ 'అన్నిటికంటే నీచమైనది' అని రాసిన సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. అయినా నోరు ఆగలేదు. అంత బాగా ఏ కంపెనీ వకీలూ వాదించి ఉండడు.

వాదన తిరుగులేనిదని సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుని పాలకమండలికి నివేదించింది. అంత చిన్న మార్కెట్‌కు అసలు దుకాణమే ఎందుకని అక్కడెవరికో తోచింది. రెండో పదవితో పాటు మొదటి పదవినీ, ఆ సబ్జెక్టునీ వచ్చే ఏటినుంచి ఎత్తివేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. అభ్యంతరముంటే ఈ రంగంలోనే ఉన్న మరో నిపుణుడి చేత చెప్పించుకోవచ్చని దయతో వెసులుబాటు కూడా ఇచ్చారు.

ఆచార్యులవారు కాళ్లరిగేలా తిరిగారు. ఈ రంగంలోకి వద్దామనుకున్నవాళ్లందరూ ఆయన సలహా మీదే వేరే రంగాల్లో స్థిరపడ్డారు. చివరికి సిగ్గు విడిచి ఆ అమ్మాయికే ఫోన్ చేశారు.

"అమ్మా, ఈ సబ్జెక్టు ఉండితీరాలని నిపుణురాలిగా నువ్వొక్క మాట చెప్పాలి."

"అయ్యో, తప్పకుండా చెప్పేదాన్ని సార్." ఆమె గొంతులో వెటకారమన్నదే లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధించింది. "కానీ నేనిప్పుడా రంగంలో లేను కదండీ. ఓ పెద్ద కంపెనీలో చేరాను. చిన్న కంపెనీల్ని కలిపేసుకునేటప్పుడు ప్రభుత్వానికి ఏం చెప్పాలో రాసిచ్చే పని. మీ పుస్తకం భలే ఉపయోగపడుతోంది సార్. సాకులన్నీ వరసగా ఉన్నాయి."

ఆయన ఫోన్ పెట్టేసి, తాను కాపాడుకున్న కుర్చీలోనే కూలబడ్డారు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఓదార్చడానికి శాఖలో రెండో మనిషి లేడు.

ఆయన్ని చూసి నవ్వుకుంటున్న పాఠక మహాశయులకు ఒక మనవి. మీ ఆఫీసులో కొత్తగా చేరినవారికి మీకు తెలిసిన పనంతా నేర్పించి ఉంటే, నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు.